అద్దం కొనేముందు అడగవలసిన మాట



ఇల్లు కట్టించుకున్నా, ఫ్లాటు కొని లోపల పని చేయించుకున్నా ఈ రోజుల్లో గాజు లేకుండా జరగటం లేదు. కిటికీలు సరే, స్నానాలగది తలుపు, భోజనాల బల్ల, ఆఖరికి బాల్కనీ రైలింగు కూడా గాజే! షాపుకి వెళ్ళి మనం రంగు చూస్తాం, డిజైను చూస్తాం, చదరపు అడుగు ఎంతని బేరమాడతాం. "ఇది పగిలితే ఎలా పగులుతుందండీ?" అని మాత్రం అడగం. పసిపిల్లలూ, పెద్దవాళ్ళూ ఉన్న ఇంట్లో ముందు అడగవలసింది అదే.

మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి పొడుగాటి పెంకులవుతుంది. చిన్న కిటికీ రెక్కలకీ, ఎత్తున ఉండే గోడ అలమరకీ నాలుగువైపులా ఫ్రేములో బిగిస్తే అది చాలు. అక్కడ ఖరీదైన గాజు దండగ. కానీ నేలదాకా దిగే తలుపుకీ, తూలితే చెయ్యో మోకాలో తగిలే చోటుకీ అది పనికిరాదు.

అలాంటి చోట టఫెన్డ్ గ్లాసు వేయించండి. మామూలు గాజునే 600 డిగ్రీల సెంటిగ్రేడు దాటేదాకా కాల్చి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో అదే మందం ఉన్న మామూలు గాజుకంటే సుమారు 4 రెట్లు బలం వస్తుంది. పగిలినా పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది. అసలు గీసుకోదని కాదు, లోతుగా తెగే ప్రమాదం తక్కువ. చిక్కల్లా ఒక్కటే. ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కొయ్యటానికీ, చిల్లు పెట్టటానికీ వీల్లేదు, పలకంతా పొడిపొడి అయిపోతుంది. కనక పిడి ఎక్కడ, బందు ఎక్కడ అన్నది ముందే కొలిచి ఇవ్వాలి. "తర్వాత చూసుకుందాం లెండమ్మా" అనే మేస్త్రీ మాట ఇక్కడ చెల్లదు.

బాల్కనీకి మాత్రం అదొక్కటే చాలదు. పగిలి రాలిపోతే మిగిలేది ఖాళీ కదా! రెండు పలకల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గాజు, కారు ముందు అద్దంలాగే, పగిలినా సాలెగూడులా గీతలు పడి అతుక్కునే ఉంటుంది. టఫెన్ చేసిన పలకలతోనే లామినేట్ చేయించుకుంటే మరీ మంచిది. రోడ్డు పక్క పడకగదికి వేస్తే చప్పుడు కూడా కాస్త తగ్గుతుంది.

ఇక స్నానాలగదికి మసక గాజు. మరుగు వేరు, బలం వేరు. మసకగా ఉన్నంత మాత్రాన అది టఫెన్డ్ అనుకోకండి, విడిగా అడగండి. గరుకు వైపు నీళ్ళు పడితే మసక తగ్గి లోపల ఆనుతుంది, నూనె చేతులు పడితే మరకలు ఓ పట్టాన పోవు. నునుపు వైపు నీళ్ళు పడేవైపుకి తిప్పించండి.

మన దేశంలో ఇలాంటి భద్రత గాజుకి ఐ.ఎస్. 2553 అనే ప్రమాణం ఉంది. పలక మూల చెరగని ముద్ర ఉందేమో బిగించకముందే చూడండి, ఫ్రేములోకి వెళ్ళాక కనపడకపోవచ్చు. బిల్లు మీద గాజు రకమూ, మందమూ రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.