వ్యాయామ విద్యలో సాంకేతిక పరికరాలు

(వ్యాయామోపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల కాలపట్టికలో వ్యాయామానికి దక్కేది తరచుగా చివరి గంట. పరీక్షలు సమీపిస్తే లెక్కల మాస్టారికి ముందుగా ధారాదత్తమయ్యేదీ అదే. మిగిలిన కొద్ది వ్యవధిలో బాగా ఆడగలవారే ఆడతారు. తక్కినవారు చెట్టునీడన కూర్చుంటారు. నేడు నేను ప్రస్తావించదలచినది ఆ చెట్టునీడ పిల్లలను గురించే. వారిని మైదానంలోకి రప్పించడానికి ఆధునిక పరికరాలు ఎంతవరకు అక్కరకు వస్తాయి?

2019 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా మొబైల్ యాప్ వెలువడింది. అదే సంవత్సరం ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ జయంతి నాడు, ఫిట్ ఇండియా ఉద్యమం ప్రారంభమయింది. ఖేలో ఇండియా పథకం బడిపిల్లల దేహదారుఢ్యానికి కొన్ని పరీక్షలను నిర్దేశించింది. చిన్న తరగతులవారికి ఒంటికాలిపై నిలకడ వంటివి. పెద్దవారికి 50 మీటర్ల పరుగు, కూర్చుని ముందుకు వంగడం, 600 మీటర్ల పరుగు లేదా నడక మొదలైనవి. “లేదా నడక” అన్న మాటను గమనించవలసిందిగా కోరుతున్నాను. పరుగెత్తలేని బిడ్డకూ అందులో చోటున్నది.

కొలత ఉత్సాహాన్ని కలిగిస్తుంది, చంపివేయనూగలదు. చివరగా గమ్యం చేరిన బాలుని పేరు నలభైమంది ఎదుట చదివితే, మరుసటి వారం ఆ గంటకు వానికి కడుపునొప్పి వస్తుంది. జూలైలో నాలుగు నిమిషాలు పట్టిన దూరం నవంబరులో మూడున్నర నిమిషాలకు దిగినదని వాని పట్టికను వానికే చూపితే, మళ్ళీ స్టాప్‌వాచ్ పట్టమని వాడే అడుగుతాడు. పరికరం ఒకటే, వాడుక వేరు. ఎత్తు, బరువుల అంకెలనైతే బిగ్గరగా చదవనే కూడదు.

అడుగులు లెక్కించే యంత్రం సంగతి చూడండి. 1965లో జపానులో ఒక సంస్థ “పదివేల అడుగుల కొలమానం” అన్న అర్థమిచ్చే పేరుతో దానిని విక్రయించింది. ఆ పదివేలు వ్యాపారానికి కుదిరిన సంఖ్యే గాని పరిశోధన తేల్చినది కాదు. కనుక దానిని బడిపిల్లలపై శాసనంగా విధించనక్కరలేదు. నిన్నటికంటె నేడు కొంత ఎక్కువ నడిస్తే చాలు.

బహుమతుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసి 1971లో ప్రచురించిన ప్రయోగంలో, చిక్కుముడి ఆటకు డబ్బు పొందిన విద్యార్థులు, డబ్బు ఆగిన తరువాత తీరిక వేళల్లో ఆ ఆటపై మునుపటికంటె తక్కువ ఆసక్తి చూపారు. యాప్‌లు పంచే నక్షత్రాలకు, పతకాలకు కూడా ఈ ప్రమాదం ఉండవచ్చునని నా అభిప్రాయం.

అన్నింటికంటె మేలైన ఉపయోగం సెల్‌ఫోన్ కెమెరాదే. దూరం దుమికే బాలిక పాదం పలకపై ఎక్కడ పడుతున్నదో మనం పదిసార్లు చెప్పినా ఆమెకు బోధపడదు. వేగం తగ్గించిన దృశ్యంలో ఒక్కసారి చూస్తే తానే పరుగు ఆరంభాన్ని అరడుగు వెనక్కు జరుపుకుంటుంది. ఇందుకు తరగతికి ఒక్క ఫోను చాలును. ఒకరు దూకుతుంటే ఒకరు చిత్రీకరిస్తారు, మరొకరు టేపు పట్టి కొలుస్తారు. చెట్టునీడ పిల్లలకు తొలి ప్రవేశం ఈ పనులతో కల్పించవచ్చు. టేపు పట్టినవారికి తామూ ఒకసారి దూకి చూడాలనిపించడం సహజం.

ఫోనే లేని బడిలో నాడి ఉన్నది. మణికట్టుపై వేళ్ళు ఉంచి పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి గుండె కొట్టుకునే సంఖ్య వస్తుంది. పరుగుకు ముందు, తరువాత చూడమనండి.

చిత్రీకరణకు ముందు తల్లిదండ్రుల అనుమతి పొందండి. పాఠం ముగిసిన వెంటనే, ముఖ్యంగా బాలికల దృశ్యాలను, వారి ఎదుటనే చెరిపివేయండి.