సాయంత్రం బడి



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల వేరుశనగను నమ్ముకున్న మెట్ట పల్లెలెన్నో. వాన మొహం చాటేస్తే పెద్దలు కూలికి బెంగుళూరు బస్సెక్కుతారు. పిల్లల చదువు మధ్యలోనే ఆగిపోతుంది.

ఈ కరువు సీమకు 1969లో ఒక స్పెయిన్ క్యాథలిక్ గురువు వచ్చారు. ఆయన విన్సెంట్ ఫెర్రర్. 1952లో బొంబాయి చేరి, మన్మాడ్ రైతుల మధ్య పనిచేసినవారు. ఈ సీమకు వచ్చిన మరుసటి ఏడాది, అంటే 1970లో, జెస్యూట్ సభను వీడి, ఆన్ అనే మహిళను పెళ్లాడారు. అనంతపురంలో వాళ్లు నాటిన సంస్థే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, మనందరికీ తెలిసిన ఆర్డీటీ.

దళితవాడల్లో చదువు కోసం ఆర్డీటీ ఎంచుకున్న దారి చాలా సులువైంది. సర్కారు బడికి పోటీగా ఇంకో బడి పెట్టలేదు. ఆ బడికి ముందు, ఆ బడి వదిలాక, వాడలోనే చదివించే అనుబంధ పాఠశాలలు నడిపింది. ఒక గది, ఒక నల్లబల్ల, నేల మీద చాప. ఇంట్లో అక్షరం చెప్పేవాళ్లు లేని పిల్లకు ఎక్కాలు అప్పజెప్పించుకునే మనిషి దొరికింది. ఎవరు బడి మానేశారో కనిపెట్టే బాధ్యత ఊరివాళ్లూ పంచుకున్నారు.

తర్వాత వినికిడి, చూపు లోపాలున్న పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు వచ్చాయి. ధర్మవరం దగ్గర బత్తలపల్లిలో ఆసుపత్రి వెలిసింది. అనంతపురంలో విదేశీ భాషల బడి మొదలైంది. పల్లె పిల్లలు అక్కడ స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్చుకుంటున్నారు.

ఫెర్రర్ 2009లో కన్నుమూశారు. బడి అంటే ముందు భవనమే కానక్కర్లేదని, పిల్లవాడి పక్కన కూర్చునే మనిషి చాలని ఆయన పని చెబుతుంది.