కుండీలో కూరగాయలు, పండ్లు: వేరుకు గాలి అందించడం ఎలా?



ఈనాటి పాఠం కుండీల్లో కూరగాయలు, పండ్లు పెంచడం గురించి. మీలో చాలామంది అపార్టుమెంట్లలోనో, పెరడు లేని ఇళ్ళలోనో ఉంటున్నారు. మొక్క పెంచాలంటే మీకున్న చోటు బాల్కనీలో ఒక మూల, లేదా మేడమీద నాలుగు గజాలు. ఆ కాస్త చోటులోనే టమాటా, మిరప, వంగ, ఆకుకూరలు, ఒక నిమ్మచెట్టు పెంచుకోవచ్చు. ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. అయితే ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. అది తెలియక నేను పోగొట్టుకున్న మొక్కలతోనే పాఠం మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరం నేను అద్దె ఇంటి మేడమీద 12 కుండీల్లో టమాటా నారు నాటాను. అందరూ చెప్పినట్టే ప్రతి కుండీ అడుగున నాలుగు వేళ్ళ మందాన గులకరాళ్ళు పరిచాను. పైన పొలం నుంచి తెచ్చిన నల్లరేగడి మట్టి నింపాను. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు తప్పకుండా పోశాను. మూడు వారాలకు ఆకులు వడలడం మొదలైంది. నీళ్ళు చాలడం లేదు కాబోలునని మధ్యాహ్నం కూడా పోశాను. నెల తిరిగేసరికి 9 మొక్కలు చచ్చిపోయాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుని నర్సరీకి వెళ్ళాను. అక్కడ పనిచేసే పెద్దాయన వేళ్ళను వాసన చూసి, "సార్, ఇది ఎండిపోయి చావలేదు. ఊపిరాడక చచ్చింది" అన్నాడు.

ఆ మాటలో ఉన్న శాస్త్రమే ఈనాటి మన పాఠం.

వేరు కూడా శ్వాసిస్తుంది

ఆకు పగటిపూట కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్‌ను విడుదల చేస్తుందని మీరు చదువుకున్నారు. మరి వేరు సంగతి? అది చీకట్లో ఉంటుంది, అందులో పత్రహరితం ఉండదు. మట్టిలోని లవణాలను లోపలికి తీసుకోవడానికి దానికి శక్తి కావాలి. ఆ శక్తి శ్వాసక్రియ వల్ల వస్తుంది. శ్వాసక్రియకు ఆక్సిజన్ కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలి నుంచే వేరు దాన్ని తీసుకుంటుంది.

ఆ సందులన్నీ నీటితో నిండిపోతే ఏమవుతుంది? గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఉన్న ఆక్సిజన్‌ను వేరు వాడేసుకుంటుంది, కొత్తది సమయానికి రాదు. వేరు నీరసిస్తుంది. కుళ్ళు తెగులు కలిగించే సూక్ష్మజీవులు దాన్ని పట్టుకుంటాయి. కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు. అందుకే చుట్టూ నీళ్ళున్నా ఆకు వడలిపోతుంది. చూసేవారికి అది నీళ్ళు చాలని మొక్కలాగే కనిపిస్తుంది. ఇంకా నీళ్ళు పోస్తారు. నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇదే.

ఒక చిన్న ప్రయోగం

పొలంలో అదనపు నీరు లోతుకు ఇంకిపోతుంది. కుండీకి అడుగు ఉంది కదా, అక్కడ ఏం జరుగుతుంది? ఇంట్లో గిన్నెలు తోమే స్పాంజి ఒకటి కొత్తది తీసుకోండి. దాన్ని నీటిలో బాగా ముంచి, వెడల్పు వైపు కిందికి ఉండేలా అడ్డంగా పట్టుకోండి. నీళ్ళు కారతాయి, కాసేపటికి ఆగిపోతాయి. ఇప్పుడు పిండకుండా, కుదపకుండా దాన్ని మెల్లగా నిలువుగా తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారడం మొదలవుతుంది!

స్పాంజి అదే, నీరూ అదే. తేడా ఎత్తులోనే ఉంది. సన్నని సందుల్లో నీటిని పట్టి ఉంచే బలాన్ని కేశనాళికీయత అంటాము. ఈ బలం వల్ల స్పాంజి అడుగున కొంత మందం మేరకు నీరు దిగకుండా నిలిచిపోతుంది. అడ్డంగా పట్టుకున్నప్పుడు స్పాంజిలో ఎక్కువ భాగం ఆ మందంలోనే ఉంటుంది. నిలువుగా పట్టుకున్నప్పుడు అడుగున కొంచెం మాత్రమే అందులో ఉంటుంది, పై భాగంలోకి గాలి వస్తుంది.

కుండీలోనూ ఇంతే. రంధ్రాలు ఎన్ని ఉన్నా అడుగున ఒక తడి పొర మిగులుతుంది. మట్టి ఎంత మెత్తనిదైతే ఆ పొర అంత మందం. దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, లోతు తక్కువ కుండీ కంటే లోతైన కుండీలో వేరుకు గాలి ఎక్కువ దొరుకుతుంది. రెండు, అడుగున గులకరాళ్ళు వేయడం వల్ల లాభం లేదు. సన్నని సందుల్లోని నీరు, పైన మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా, పెద్ద సందులున్న రాళ్ళలోకి దిగదు. తడి పొర పోదు సరికదా, రాళ్ళు ఎంత మందమో అంత పైకి జరుగుతుంది. అంటే నేను నాలుగు వేళ్ళ మందాన రాళ్ళు వేసి, వేరుకు ఉన్న చోటునే తగ్గించానన్నమాట. రంధ్రం మీద మట్టి జారిపోకుండా ఒక పెంకు ముక్క గానీ, వలగుడ్డ ముక్క గానీ వేస్తే చాలు.

కుండీ, మట్టి

ఆకుకూరలకు 15 సెంటీమీటర్ల లోతు సరిపోతుంది. మిరప, వంగ మొక్కలకు 10 నుంచి 15 లీటర్లు, టమాటాకు 15 నుంచి 20 లీటర్లు పట్టే కుండీ కావాలి. పాత బకెట్లు, నూనె డబ్బాలు, మందపాటి బియ్యం సంచులు పనికివస్తాయి. పురుగుమందులు, రసాయనాలు ఉంచిన డబ్బాలు మాత్రం ఎన్నిసార్లు కడిగినా వాడవద్దు. అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టి, కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. మట్టి కుండీ గోడల గుండా నీరు ఆవిరై వేరు చల్లగా ఉంటుంది, కానీ త్వరగా ఆరుతుంది. ప్లాస్టిక్ కుండీ తడిని ఎక్కువసేపు నిలుపుతుంది. నల్ల ప్లాస్టిక్ అయితే ఎండాకాలంలో బాగా వేడెక్కుతుంది.

నల్లరేగడి పొలానికి మంచిదే గాని కుండీకి ఒక్కటే పనికిరాదు. తడిస్తే ఉబ్బి సందులు మూసుకుంటాయి, ఆరితే బీటలిచ్చి వేళ్ళను తెంపుతుంది. ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు ఒక పాలు కలపండి. కుండీకి గుప్పెడు వేపపిండి చేర్చండి. కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టును అచ్చుగా నొక్కి దిమ్మెలుగా అమ్ముతారు. అందులో ఉప్పు ఉండవచ్చు. నానబెట్టి, రెండుసార్లు కడిగి వాడండి. మాగని పేడ వేయకండి. అది కుండీలో కుళ్ళేటప్పుడు పుట్టే వేడికి వేరు దెబ్బతింటుంది.

నీరు, ఎరువు

గడియారం చూసి నీళ్ళు పోయవద్దు. వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించండి. తడి తగిలితే ఆ రోజుకు వద్దు. పొడిగా ఉంటే అడుగు రంధ్రాల నుంచి నీరు కారేదాకా పోయండి. చిన్న కుండీలను ఎత్తి చూసినా బరువును బట్టి తెలుస్తుంది. పోసిన నీరు కిందికి దిగుతూ పాత గాలిని బయటికి నెడుతుంది, దాని వెనుక పైనుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. రోజూ కొంచెం కొంచెం చిలకరిస్తే పై పొర మాత్రమే తడిసి వేళ్ళు పైపైనే ఉండిపోతాయి. వానాకాలంలో మూడు నాలుగు రోజులు నీళ్ళే అక్కరలేకపోవచ్చు. మే నెలలో మేడమీద రోజుకు రెండుసార్లు కావలసి రావచ్చు. అప్పుడు మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది.

అడుగున కారే నీటితో పాటు నైట్రేట్ల వంటి పోషకాలు కూడా పోతాయి. పొలంలోలాగా వేరు దూరం వెళ్ళి వెతుక్కోలేదు. కాబట్టి 15 రోజులకొకసారి గుప్పెడు వానపాముల ఎరువు వేయండి. ఆకులు మాత్రమే గుబురుగా పెరిగి పూత రాకపోతే నత్రజని ఎక్కువైందని అనుమానించాలి.

వెలుతురు, కాలం, పూత

కాయ కాసే మొక్కకు రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. ఆకుకూరలకు 3, 4 గంటలు చాలు. మన దేశంలో చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపుగా ప్రయాణిస్తాడు. కనుక దక్షిణం వైపు బాల్కనీకి ఆ కాలంలో ఎండ బాగా వస్తుంది. ఉత్తరం వైపు బాల్కనీలో టమాటా కోసం కష్టపడే బదులు పాలకూర, పుదీన, కొత్తిమీర వేసుకోవడం మేలు.

మొదటిసారి పెంచేవారు తోటకూర, మెంతికూరలతో మొదలుపెట్టండి. నెల తిరగకుండానే కోతకు వస్తాయి. తరువాత మిరప, వంగ. టమాటా నారును మన ప్రాంతంలో వానాకాలం చివర పోసుకుంటే చలికాలంలో కాపు వస్తుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. అది మీ తప్పు కాదు. రకాన్ని కూడా చూసుకోవాలి. పూసా ఎర్లీ డ్వార్ఫ్ పొట్టిగా పెరిగి ఆగుతుంది. పూసా రూబీ పొడవుగా సాగుతుంది, దానికి కర్ర ఊతం కావాలి.

టమాటా, మిరప, వంగ పువ్వుల్లో ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి. గాలి తగలని బాల్కనీలో పూల గుత్తిని వేలితో మెల్లగా తడితే పుప్పొడి రాలుతుంది. సొర, బీర, దోస, గుమ్మడిలో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. ఎత్తైన అంతస్తులకు తేనెటీగలు రాకపోతే మగపువ్వును తుంచి ఆడపువ్వుకు మీరే అద్దాలి. దోస, గుమ్మడి పువ్వులు ఉదయం విచ్చుకుంటాయి. సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. వేళ తప్పితే పిందె నిలవదు.

పండ్లలో నిమ్మ, దానిమ్మ, అంజూర కుండీకి బాగా అలవాటు పడతాయి. గింజ నాటితే నిమ్మ కాపుకు చాలా ఏళ్ళు పడుతుంది. అంటు మొక్కే కొనండి. 20 లీటర్ల కుండీలో మొదలుపెట్టి, రెండు మూడేళ్ళలో 50 లీటర్ల దానికి మార్చండి. మామిడి కావాలనుకుంటే ఆమ్రపాలి ఉంది. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ దశేరి, నీలం రకాలను సంకరపరచి దీన్ని రూపొందించింది. చెట్టు పొట్టిగా ఉంటుంది గనుక పెద్ద డ్రమ్ములో పెంచవచ్చు.

ఒక హెచ్చరిక

తడి మట్టితో నిండిన 20 లీటర్ల కుండీ సుమారు 25 కిలోలు ఉంటుంది. అలాంటివి 40 అయితే ఒక టన్ను. మనుషులు తిరిగే మేడకప్పును మన దేశపు నిర్మాణ ప్రమాణాలు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారానికి లెక్కగడతాయి. కాబట్టి కుండీలన్నీ ఒకేచోట పేర్చవద్దు. గోడలు, దూలాలు ఉన్న వరుసలో సర్దండి. పాత భవనమైతే ఇంజనీరును అడగండి. బాల్కనీ పిట్టగోడ మీద కుండీ పెట్టనే వద్దు. కింద మనుషులు నడుస్తారు.

మీరు చేయవలసినది

ఈ వారం రెండు పనులు చేయండి. మొదటిది, మీ బాల్కనీలో లేదా మేడమీద ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు గంట గంటకూ ఎండ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఎన్ని గంటలో రాసుకోండి. రెండవది, ఒకే కొలత గల రెండు కుండీల్లో ఒకదానిలో వట్టి నల్లమట్టి, రెండోదానిలో మనం చెప్పుకున్న మిశ్రమం నింపండి. రెండింటిలో మెంతులు చల్లి, రెండింటికీ ఒకే కొలత నీళ్ళు పోయండి. 20 రోజుల తరువాత మొక్కలను పీకి వేళ్ళను పక్కపక్కన పెట్టి చూడండి. తెల్లగా, గుబురుగా ఉన్నవి ఎక్కడివో, గోధుమరంగుకు తిరిగినవి ఎక్కడివో మీ నోటుపుస్తకంలో రాయండి.

చివరగా ఒక మాట. నా 12 మొక్కల్లో మిగిలిన మూడింటినీ ఆ పెద్దాయన చెప్పినట్టు రాళ్ళు తీసేసి, తేలికపాటి మట్టిలోకి మార్చాను. ఒకటి చచ్చింది, రెండు బతికాయి. ఆ రెండింటి కాయలతో మా ఇంట్లో ఒక్కరోజు పప్పు మాత్రమే అయింది. కానీ మొక్క వడలితే చెంబు అందుకునే ముందు మట్టిలో వేలు పెట్టి చూడాలని ఆనాడు నేర్చుకున్నాను. మీరు మొక్కలు పోగొట్టుకోకుండానే అది నేర్చుకోండి.

సెలవు.