బీమా ఉంది సరే, ఎంతకు? ఎన్నాళ్లకు?

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రైతు సమావేశాల్లో చేసిన ప్రసంగ పాఠం)



"నాకు బీమా ఉందిలే" అని మనలో చాలామంది ధీమాగా ఉంటారు. ఎంతకు ఉంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరికి వర్తిస్తుంది అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. ఆ హద్దులు కష్టం వచ్చాక తెలిస్తే లాభం లేదు. ఈరోజే తెలుసుకుందాం.

మొదట ప్రాణం సంగతి. 2015లో కేంద్రం తెచ్చిన పథకాలు రెండున్నాయి. ఇప్పుడు మన బ్యాంకు ఖాతాలో ఏడాదికి 436 రూపాయలు కట్ అయ్యేది జీవన్ జ్యోతి. 20 రూపాయలు కట్ అయ్యేది సురక్ష. జబ్బుతో పోయినా జీవన్ జ్యోతి కింద కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. కానీ 50 ఏళ్లు దాటితే అందులో చేరలేం, 55 నిండితే అది ఆగిపోతుంది. సురక్ష 70 ఏళ్ల దాకా ఉంటుంది, అయితే ప్రమాదాలకే. అంటే 57 ఏళ్ల రైతు గుండెపోటుతో పోతే ఈ రెండింటిలో ఇంటికి రూపాయి కూడా రాదు.

ఇవి జీవితాంతం ఉండే బీమాలు కావు. జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తాయి. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు లేకుంటే బీమా పోయినట్టే. రెండు బ్యాంకుల్లో కట్టినా ఒక్కో పథకం కింద వచ్చేది 2 లక్షలే. చేలో పాము కరిచినా సురక్ష వర్తిస్తుంది, కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లిన కాగితం ఉండాలి. నాటువైద్యంతో ఆగిపోతే ఆ కాగితం ఎక్కడిది?

ఇక వైద్యం. పులివెందుల ఎమ్మెల్యేగా ఉన్న రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి హోదాలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టినప్పుడు హద్దు 2 లక్షలు. 2023 డిసెంబరులో దాన్ని 25 లక్షలకు పెంచారు. కేంద్రం ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షలు. ఈ అంకెలు మనిషికి కాదు, ఇంటిల్లిపాదికీ కలిపి, ఒక ఏడాదికి. వాడుకోని సొమ్ము పై ఏడాదికి జమ కాదు. జాబితాలో ఉన్న చికిత్సకే, దానికి కట్టిన ధర మేరకే ఆసుపత్రికి చెల్లిస్తారు.

చివరగా పంట. ఫసల్ బీమాలో రైతు వాటా ఖరీఫ్‌కు 2 శాతం, రబీకి 1.5 శాతం. జమ్మలమడుగు నల్లరేగడిలో పప్పుశనగ వేశారు, ఎకరాకు బీమా మొత్తం 20,000 అనుకుందాం. మీరు కట్టేది 300. పంట పోతే 20,000 చేతికొస్తుందని కాదు. మీ గ్రామానికో మండలానికో నిర్ణయించిన దిగుబడి 5 క్వింటాళ్లయి, కోత ప్రయోగాల్లో 3 తేలితే, లోటు 40 శాతం. వచ్చేది 8,000. మీ ఒక్కరి చేను ఎండితే ఈ లెక్కలోకి రాదు. వడగండ్లు పడినా, చేను నీట మునిగినా మాత్రం మీ పొలం వరకు చూస్తారు. దానికి 72 గంటల్లో తెలియజేయాలి.

అయ్యా, హద్దులు ఉన్నాయని బీమా మానుకోమని నేను చెప్పను. 20 రూపాయలకు 2 లక్షల రక్షణ ఇంకెక్కడ దొరుకుతుంది? కానీ 55 దాటిన ఇంట్లో మరో ఏర్పాటు ఉండాలి. హద్దులు పెంచమని, వయసు పెంచమని సంఘంగా మనం అడగాలి.

వచ్చే సమావేశానికి బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ తెచ్చుకోండి. ఎవరికి ఏ బీమా ఉందో, ఏ ఏడాదితో ముగుస్తుందో, నామినీ ఎవరో కూర్చుని రాసుకుందాం. ఆ కాగితం మీ ఇంట్లో ఆడవాళ్లకు కూడా చూపించండి. రేపు బ్యాంకు మెట్లెక్కాల్సి వచ్చేది వాళ్లే.