నరసింహం గారు చెప్పని విలీనం

ఈ ధర్మనిధి ఎవరి పేరిట ఏర్పడిందో ఆ మాస్టారు నాకు పాఠం చెప్పలేదు. నా వ్యాసం ఒకదాన్ని మాత్రం అంచున ఎర్రసిరాతో "లెక్కేదీ?" అని రాసి తిప్పి పంపారు. అప్పనపల్లిలో ఆయన పేరు మీద మాట్లాడమంటే కాదనలేకపోయాను. ఇక నా పాత తగువులోకి వస్తాను.

1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా మరో ఆరు, ఆపైన ప్రైవేటు బ్యాంకుల రాక మీకు తెలిసినవే. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు లక్ష రూపాయల మూలధనంతో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసింది. పేరు పోయిందని బాధపడినవాళ్లున్నారు. నేను వాళ్లలో లేను. నా తగువు ఆ విలీనానికి చెప్పే కారణంతో.

"పోటీకి నిలవాలంటే పెద్దదవ్వాలి, నరసింహం కమిటీయే చెప్పింది" అంటారు. నివేదిక తెరిచి చూడండి. బ్యాంకింగ్ సంస్కరణల మీద వేసిన ఆ 1991 కమిటీ నాలుగు అంతస్తులు గీసింది: అంతర్జాతీయ స్థాయిలో మూడు నాలుగు పెద్ద బ్యాంకులు, దేశమంతటా శాఖలున్నవి ఎనిమిది నుంచి పది, ఒక ప్రాంతానికి పరిమితమైన స్థానిక బ్యాంకులు, అడుగున గ్రామీణ బ్యాంకులు. మనవాళ్లు పై అంతస్తు చదివి పుస్తకం మూసేశారు. 1998 నాటి రెండో కమిటీ మరీ సూటిగా, బలహీన బ్యాంకును గట్టెక్కించే సాధనంగా విలీనాన్ని చూడొద్దంది. 2019 మార్చి నాటికి ఆంధ్రా, యూనియన్, కార్పొరేషన్ మూడింటా స్థూల మొండి బకాయిలు 15 శాతానికి అటూ ఇటూగా ఉన్నాయి. వీటిలో బలమైనదేదో చెప్పండి.

యూనియన్ బ్యాంకు ఇప్పుడు లాభాల్లో ఉంది కదా అంటారు. ఉంది. ఎవరితోనూ కలవని బ్యాంక్ ఆఫ్ మహారాష్ట్ర కూడా కోలుకుంది. 2016 దివాలా చట్టం, బకాయిల రైటాఫులు, ప్రభుత్వం పోసిన మూలధనం చేసిన పనిని విలీనం ఖాతాలో జమ కట్టడం ఏ పద్దు శాస్త్రమో నాకు తెలియదు.

పోటీ అంటారా, కోనసీమలో ప్రభుత్వ బ్యాంకుకు అసలు పోటీదారు ధాన్యం కమీషన్ ఏజెంటు, పురుగుమందుల కొట్టు, రొయ్యల మేత డీలరు. 2011 ఖరీఫ్‌లో రైతులు పంట విరామం ప్రకటించిన నేల ఇది. ఆ ఏడాదే కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం వచ్చింది. 2019 చట్టం కార్డు ఇవ్వాలంటే భూయజమాని సంతకం కావాలంది. పెట్టే ఆసామి ఎందరు? బ్యాంకులు తమ అప్పుల్లో 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలన్నది నియమం. అందులో కౌలుదారుకు చేరిందెంత, యజమాని బంగారం తాకట్టుకు పోయిందెంత అన్నది ఆ అంకె చెప్పదు. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నిటినీ కలిపి ఒకటి చేశారు కాబట్టి ఇకపై అది తేల్చడం ఇంకా కష్టం.

అందుకే మామిడికుదురు, రాజోలు, అమలాపురం ప్రాంతాల్లో కౌలు రైతుల అప్పుల చిట్టాలు పోగు చేస్తున్నాను. పాత ఆంధ్రా బ్యాంకు పాసుపుస్తకాలు, తాకట్టు రసీదులు, వ్యాపారి చీటీలు ఏవున్నా, పేర్లు కొట్టేసి నకళ్లు ఇవ్వండి. చీటీ మీద వడ్డీ రాసి లేకపోతే డబ్బు తీసుకున్న నెల, ధాన్యం కొలిచిన నెల, ఎన్ని బస్తాలో చెప్పండి. వడ్డీ నేను కట్టుకుంటాను.