మైదానానికో ఉద్యోగి

సాహిత్య సదస్సులో అధ్యక్షుడు ఆటల గురించి, అందులోనూ ఆటలు నడిపే ఉద్యోగాల గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. పల్నాటికి ఇది పరాయి విషయం కాదు. మన వీరగాథలో రాజ్యం కోడిపోరు దగ్గర చేతులు మారింది. అదే గాథలో బాలచంద్రుడు రణానికి కదలడం వెనక ఒక బొంగరాల ఆట ఉంది. అంతకు ఎనిమిది వందల ఏళ్ళకు పైబడి ముందే ఇక్ష్వాకుల విజయపురిలో మెట్ల వరుసలతో ఒక రంగస్థలం కట్టారు. నాగార్జునసాగర్ నీటి పాలు కాకుండా దాన్ని మాచర్ల దాపున అనుపులో తిరిగి నిలబెట్టారు. అందులో మల్లయుద్ధాలు జరిగాయా, నృత్యగీతాలు జరిగాయా అన్నది చరిత్రకారులు తేల్చాలి. జనం కూడి చూసే చోటు నగరానికి అవసరమని పాలకులు ఎంచడమే నాకు ముఖ్యం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన మన పల్నాడు జిల్లాలో ఆట మీద మక్కువకు కొదవ లేదు. ఆటను ఏడాది పొడుగునా, అందరి కోసం, పద్ధతిగా నడపడమే జీవనోపాధిగా ఉన్న మనిషి మాత్రం ఊళ్ళలో కనపడడు. ఆ ఉద్యోగం కావాలని, దానికి చదువూ జీతమూ చట్టమూ కావాలని నా వాదం.

నిర్వహణ మన వాళ్ళకు చేతకాదన్న మాట నేను ఒప్పుకోను. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు చూడండి. కమిటీ వాళ్ళు గిత్త నోరు తెరిచి పళ్ళు చూస్తారు. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి ఒకటి, నాలుగు పళ్ళవి ఒకటి, ఆరు పళ్ళవి మరొకటి, ఆపై సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇచ్చిన గడువులో లాగిన దూరాన్ని అడుగుల్లో కొలిచి మైకులో చెబుతారు. వయసుకు తగ్గ బరువు, అందరికీ ఒకే గడువు, జనం ఎదుటే కొలత: క్రీడా నిర్వహణ శాస్త్రంలో ఇంతకంటే మూలసూత్రాలు లేవు. అదే ఊళ్ళో సాయంత్రం బడి మైదానానికి వెళ్తే ఎనిమిదేళ్ళ పిల్లవాడూ పద్దెనిమిదేళ్ళ కుర్రాడూ ఒకే పిచ్ మీద ఉంటారు. బలమున్నవాడు ఆడతాడు, చిన్నవాడు బంతి ఏరుకొస్తాడు, ఆడపిల్ల గేటు దాకా కూడా రాదు. గిత్తకు చూపిన శ్రద్ధ బిడ్డకు ఎందుకు దక్కలేదంటే, గిత్తల పందానికి ఒక కమిటీ ఉంది, బిడ్డల ఆటకు ఎవరూ లేరు.

ఈ ఖాళీ మన చట్టాల్లోనే ఉంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో క్రీడలు రాష్ట్ర జాబితాలో, 33వ అంశంలో, నాటకశాలలు, సినిమాలు, వినోదాల సరసన ఉన్నాయి. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు పార్కులు, ఆటస్థలాలు కల్పించడాన్ని పురపాలక సంఘాల పనుల్లో చేర్చింది. కనుక నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ళ మునిసిపాలిటీలను అడగడానికి ఒక ఆధారం ఉంది. పంచాయతీలకు 73వ సవరణ ఇచ్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. గ్రంథాలయాలున్నాయి, సంతలూ తిరునాళ్ళూ ఉన్నాయి, ఆటలు లేవు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు వ్యవసాయం, పశువైద్యం, సర్వే, సంక్షేమం అన్నిటికీ సహాయకులు వచ్చారు. ఆటకు ఒక్క పోస్టు కూడా రాలేదు.

పోస్టు లేకపోతే ఏమవుతుందో ‘ఆడుదాం ఆంధ్రా’ చూపింది. 2023 డిసెంబరు 26న గుంటూరులో మొదలై, 2024 ఫిబ్రవరి 13న విశాఖలో ముగిసిన ఆ పోటీలు క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బాడ్మింటన్‌లను సచివాలయ స్థాయి దాకా దించాయి. ఏ పార్టీ పక్షాన నిలబడి చూసినా, అంత కింది స్థాయికి ఆట చేరడం మంచిదే. దాన్ని సచివాలయ సిబ్బంది, వ్యాయామోపాధ్యాయులు తమ పనులతో పాటు మోశారు. పోటీలు కాగానే ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు, ఆటను పట్టుకుని ఉండే మనిషి మిగల్లేదు. 2024లో వచ్చిన రాష్ట్ర క్రీడావిధానం ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్ల రూపాయల నజరానా పెట్టింది, ఉద్యోగాల్లో క్రీడాకోటాను 3 శాతానికి పెంచింది. గెలిచినవాళ్ళకు అది న్యాయమే, నాకు ఆక్షేపణ లేదు. అయితే ఆ కోటా ఉద్యోగం చాలావరకు ఆటగాణ్ణి మరో శాఖలో గుమాస్తాగా కూర్చోబెడుతుంది. ఆటలోనే ఉంటూ జీతం తీసుకునే దారి అతనికి ఎక్కడుంది?

డ్రిల్లు మాస్టార్లు ఉన్నారు కదా అంటారు. విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలన్నది నిజమే. కానీ వ్యాయామ విద్యకు అది అడిగింది, అదీ ఎగువ తరగతుల్లో వందమంది పిల్లలు దాటిన బడులకు, పార్ట్‌టైం బోధకుణ్ణి. ప్రార్థన, క్రమశిక్షణ, హాజరు, ఊరేగింపు అన్నీ చూసే ఆ మాస్టారు బడి గంట కొట్టాక ఊరి బాధ్యత కూడా మోయాలనడం అన్యాయం. ఇక రెండో ఆక్షేపణ బరువైనది. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం మెట్ట రైతు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న చోట ఆటల ఉద్యోగాలు విలాసం కాదా? మిరపకోతలో రోజంతా నడుం వంచే కూలికి వేరే వ్యాయామం దేనికి? నీళ్ళు ముందు రావాలి, అందులో వాదన లేదు. అయితే వంగిన నడుము శ్రమ చేసింది కానీ, ఉల్లాసమూ విశ్రాంతీ పొందలేదు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. చాలినంత శారీరక శ్రమ లేని వయోజనులు దేశంలో సుమారు సగం మంది అని 2024 నాటి లాన్సెట్ పత్రిక వ్యాసం చెప్పింది. ఆ సగంలో మన పేటల్లో కుర్చీ పనుల వాళ్ళూ ఉంటారు. వాళ్ళ వెనకే, తెల్లవారకముందు నుంచి పుస్తకాల ముందు కూర్చునే హాస్టలు పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. ఆ జబ్బుల మందుల ఖర్చు చివరికి ఈ రైతు కుటుంబాల మీదే పడుతుంది. మైదానాన్ని నడిపే మనిషి జీతం ఆ ఖర్చు ముందు చిన్నది.

మూడో ఆక్షేపణ పల్నాటికే ప్రత్యేకం: ఇక్కడ పోటీ పెడితే పంతం పుడుతుంది, పంతం ముదిరితే కక్ష అవుతుంది. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ మన గాథను మరోసారి చదవండి. కోడిపోరులో పణంగా పెట్టింది రాజ్యం, ఓడినవాళ్ళకు ఏడేళ్ళ వనవాసం, గెలుపు వెనక మాయ ఉందన్న అనుమానం. తీర్పు చెప్పడానికి ఇరుపక్షాలకూ చెందని మనిషి లేడు. కక్షకు మందు ఆటను మానెయ్యడం కాదు, రెండు పక్షాలూ నమ్మే రిఫరీని ఊళ్ళో ఉంచడం. పంచెకట్టు పెద్దమనిషి పలుకుబడితో వచ్చే నమ్మకం కాదది. నియమాలు నేర్చుకుని, ఫిర్యాదు వింటూ, రాతపూర్వకంగా జవాబు చెప్పే ఉద్యోగికి వచ్చే నమ్మకం. 2025 జాతీయ క్రీడా పరిపాలన చట్టం దేశస్థాయిలో ట్రిబ్యునల్‌ను తలపెట్టింది క్రీడా తగవులు తీర్చడానికే. దానికి మండల స్థాయి రూపం మనం కోరాలి.

ఇది జరిగే పనేనా అనేవారికి మన గ్రంథాలయాల చరిత్రే జవాబు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టే నాటికి ఊరి గ్రంథాలయమంటే ఒక బీరువా, ఒక ఉత్సాహవంతుడు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ పనిని ఒక చదువుగా మార్చింది. 1960 గ్రంథాలయ చట్టం ఇంటిపన్నుకు సెస్సు చేర్చింది. ఉత్సాహవంతుడి చోట గ్రంథపాలకుడు కూర్చున్నాడు. ఆ సెస్సు సకాలంలో అందడం లేదన్న బాధ మనకు తెలుసు, అయినా అది చట్టం కనుక అడగగలుగుతున్నాం. ఆటలకు పాటియాలా క్రీడా సంస్థ 1961 నుంచి శిక్షకులను తయారుచేస్తోంది, గ్వాలియర్ సంస్థ 1957 నుంచి వ్యాయామ విద్య నేర్పుతోంది. మైదానాల కేటాయింపు, బడ్జెట్టు, ఆడపిల్లల వేళలు, వృద్ధుల నడక బాటలు, గాయాలైతే ఏం చేయాలి, లెక్కల తనిఖీ వంటివి తెలుగులో నేర్పే ఏడాది డిప్లొమా మనకు కావాలి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయాన్ని దాని కోసం అడుగుదాం. మునిసిపాలిటీలు మొదటి పోస్టులు సృష్టించవచ్చు, ఆటలో రాణించి వయసు మీరిన మన కబడ్డీ కుర్రాళ్ళకూ అమ్మాయిలకూ అందులో ముందు పిలుపు ఇవ్వవచ్చు. ఆ చదువుకు పాఠ్యపుస్తకం ఇంకా లేదు. బండలాగుడు నియమాల దగ్గర నుంచి రిఫరీ చెప్పే మాటల దాకా తెలుగులో రాసిపెట్టే పని ఈ సభలో కూర్చున్నవాళ్ళది. రేపటి సమావేశంలో ఈ కోర్కెలను తీర్మానంగా చర్చకు పెడుతున్నాను. రాతకు పేర్లు ఇచ్చేవారు ఇవాళే కార్యదర్శి గారికి ఇవ్వండి.