ఉప్పునీటి చేపల తొట్టి - వడపోత సాధనాల ఎంపిక



గోపాల్‌పూర్ ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూసినప్పుడు, ఇందులో చిన్న ముక్క మన ఇంట్లోనూ ఉంటే బాగుండునని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. బరంపురంలో ఉంటున్న నాకూ అలాగే అనిపించింది. పెద్ద తొట్టి కట్టించాను, పోగొట్టుకున్నాను, మళ్లీ కట్టించాను. ఆ అనుభవంతో నాలుగు మాటలు మీతో చెబుతాను.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది. మర్నాడంతా ఇంటిల్లిపాదీ వంతులవారీగా చెంబుతో నీళ్లు ఎత్తి పోస్తూ, గాలి అందించి చేపలను బతికించుకున్నాం. 14వ తేదీ ఉదయం పక్కింటివారి జనరేటరు కాసేపు అడిగి తెచ్చుకొని ఫిల్టరు వేశాను. సాయంత్రానికి ఒక్క చేపా మిగల్లేదు. తుఫానుకు తట్టుకున్న చేపలు నేను మీట నొక్కగానే పోయాయి. ఎందుకని?

ఫిల్టరంటే మురికి పట్టే జల్లెడ మాత్రమే కాదు. అందులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కాపురముంటాయి. చేపల విసర్జనలోనూ, మిగిలిపోయిన మేతలోనూ పుట్టే అమ్మోనియా విషం. ఒకరకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, మరోరకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. సముద్రపు నీటికి క్షారగుణం ఎక్కువ కాబట్టి మంచినీటి తొట్టిలోకంటే ఇక్కడ అమ్మోనియా మరింత ప్రమాదకరం. ఈ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావాలి. నా ఫిల్టరు మూత బిగించిన డబ్బా రకం. నీరు కదలక లోపలి జీవులు చచ్చి కుళ్లాయి. నేను మీట నొక్కగానే ఆ కుళ్లంతా తొట్టిలోకి వచ్చింది.

అందుచేత సాధనాలు కొనేముందు "ఇది ఎంత బాగా పనిచేస్తుంది?" అని మాత్రమే అడగకండి. "కరెంటు పోతే ఇది ఏమవుతుంది?" అని కూడా అడగండి.

అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుగల తొట్టిని తీసుకుందాం. అంచు కాస్త వదిలి నింపితే సుమారు 500 లీటర్ల నీరు పడుతుంది. నీటి బరువే అర టన్ను. కాబట్టి ముందు నేల, బల్ల గట్టివో కాదో చూసుకోండి. లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు, అంటే మొత్తం పదిహేడున్నర కిలోలు. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. సముద్రపు నీటిలో కాల్షియం, మెగ్నీషియం వంటివెన్నో ఉంటాయి. సముద్ర లవణాల మిశ్రమమే వాడాలి.

ఇక వడపోత. తొట్టి కింద ఇంకొక చిన్న తొట్టి పెట్టండి. దీన్ని సంప్ అంటారు. పైనుంచి పొంగిన నీరు ఇందులోకి దిగుతుంది. మోటారు దాన్ని మళ్లీ పైకి పంపుతుంది. సూక్ష్మజీవుల కోసం పింగాణీ గుల్లలను ఇందులోనే పరచాలి. పైభాగం తెరిచి ఉంటుంది కనుక మోటారు ఆగినా గాలి కొంత తగులుతూనే ఉంటుంది. మోటారు ఆగినప్పుడు పైనీరు కొంత కిందికి దిగుతుంది. ఆ నీరు పట్టేంత ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉండాలి. లేకపోతే గదంతా ఉప్పునీరే.

రెండోది ప్రోటీన్ స్కిమ్మరు. బెల్లం పాకం మరిగేటప్పుడు పైకి తేలిన తెట్టును గరిటెతో తీసేస్తాం కదా, ఇదీ అలాంటి పనే. సన్నని గాలిబుడగలకు జిడ్డు, మలినాలు అంటుకొని నురుగుగా పైకి వస్తాయి. అవి కుళ్లి అమ్మోనియాగా మారకముందే బయటికి పోతాయి.

మోటారు పెట్టెమీద రాసిన లీటర్ల లెక్క నీటిని పైకి ఎత్తాల్సిన పని లేనప్పటిది. నాలుగడుగులు ఎత్తాలంటే అంత నీరు రాదు. ఆ ఎత్తులో గంటకు 1,500 నుంచి 2,500 లీటర్లు ఇచ్చేది చాలు. ఇనుము, ఇత్తడి, రాగి భాగాలు నీటికి తగలనివ్వకండి. రాగి రొయ్యలకు, పీతలకు ప్రాణాంతకం. ఉప్పునీటి దగ్గర కరెంటుతో పని కాబట్టి షాకు కొట్టకుండా లైను తెంపే ఆర్.సి.సి.బి. పెట్టించండి.

మన ఎండలకు హీటరుతో పని తక్కువ. నీటిపై ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. ఆవిరైన మేరకు మంచినీరే పోయండి. నీరు ఆవిరవుతుంది కాని ఉప్పు ఎక్కడికీ పోదు.

అన్నిటికంటే చవకైనది బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు. ముందు అదే కొనండి. కరెంటు పోతే గాలి ఆడనివ్వండి, మేత ఆపండి. డబ్బా ఫిల్టరే ఉంటే, గంటల తరబడి ఆగాక లోపలి నీరు పారబోసి, కడిగిన తర్వాతే వేయండి.

అందం కోసం సముద్రంలోని పగడపు రాళ్లు తెచ్చుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు 2001లో రక్షణ కల్పించారు. వాటిని కోయడం, అమ్మడం నేరం. చేపలు కూడా హేచరీలో పుట్టినవైతే మంచిది.

అన్నీ అమర్చాక నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టండి. చిటికెడు మేత వేస్తూ సూక్ష్మజీవులను పెరగనివ్వండి. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాకే మొదటి చేపను వదలండి. నా రెండో తొట్టికి మా ఇంట్లో వాళ్లందరూ అలాగే ఎదురుచూశారు. ఖాళీ నీటిని చూస్తూ కూర్చున్న ఆ ఆరు వారాలే ఇప్పటి చేపలకు ప్రాణం పోశాయి.